మనసు బాగోలేనప్పుడు ఏ పియానో వినాలి: బాఖ్, షోపాన్, షూబర్ట్, బ్రామ్స్‌లో ఎవరు ఎప్పుడు

నాన్న పోయిన ఏడాది మా ఇంట్లో పాటలు ఆగిపోయాయి. ఆయన పొద్దున్నే రేడియో పెట్టుకుని గడ్డం గీసుకునేవారు, వచ్చిన ప్రతి పాటకీ సగం సగం గొంతు కలిపేవారు, అందుకని ఆయన వెళ్ళిపోయాక ఏ పాట మొదలైనా పల్లవి పూర్తయ్యేలోపే అమ్మో నేనో లేచి కట్టేసేవాళ్ళం. పెద్దకర్మ అయ్యి చుట్టాలందరూ వెళ్ళిపోయాక అసలు కష్టం మొదలైంది. పగలు ఏదో ఒక పని ఉంటుంది కానీ రాత్రి ఒంటిగంటకి మెలకువ వస్తే ఏం చెయ్యాలో తెలీదు. అప్పుడు ఆఫీసులో నాతో పనిచేసే ఒకావిడ ఒక పియానో రికార్డింగ్ పంపింది, కింద "ఇందులో మాటల్లేవు, విను" అని మాత్రం రాసింది. జొహానెస్ బ్రామ్స్ అనే జర్మన్ స్వరకర్త 1892లో రాసిన పీస్ అది, అయిదు నిమిషాలు ఉంటుందేమో, ఆ రాత్రి నాలుగుసార్లు విన్నాను.

ఏడేళ్ళయింది. అప్పట్నుంచీ వింటూనే ఉన్నాను, ఇప్పుడు తెలిసినవాళ్ళెవరికైనా మనసు బాగోకపోతే "ఏదైనా మంచి పియానో చెప్పు" అని నన్నే అడుగుతున్నారు. నెట్‌లో రిలాక్సింగ్ పియానో అని వెతికితే వచ్చే లిస్టుల్లో అన్నీ కలిపేసి ఉంటాయి, నిద్ర పట్టని మనిషికీ, ఏడుపు గొంతులో ఆగిపోయిన మనిషికీ, రేపటి ఇంటర్వ్యూకి చేతులు చల్లబడుతున్న మనిషికీ ఒకటే మందు రాసినట్టు. అలా కాదు, ఒక్కో దానికి ఒక్కోటి పనిచేస్తుంది, కొన్నయితే తప్పు టైమ్‌లో పెడితే ఉన్న బాధ ఇంకాస్త ఎక్కువ చేస్తాయి. అందుకే ఏది ఎప్పుడు అని విడదీసి రాస్తున్నా. బాఖ్, షోపాన్, షూబర్ట్, బీథోవెన్ లాంటి పేర్లన్నీ యూరప్ స్వరకర్తలవి.

ముందు పియానోయే ఎందుకు అంటే. పాటలో మాట ఉంటుంది, మాటకి అర్థం ఉంటుంది, ఆ అర్థం మన గాయం ఎక్కడుందో వెతుక్కుంటూ వచ్చేస్తుంది. పియానోలో ఆ భయం లేదు. పైగా ఆ వాయిద్యం తీరే వేరు. కీ నొక్కితే లోపల ఫెల్ట్ చుట్టిన చిన్న సుత్తి ఒకటి తీగని కొట్టి వెంటనే వెనక్కి పడిపోతుంది, ఆ క్షణం నుంచే స్వరం తగ్గిపోవడం మొదలవుతుంది, దాన్ని ఇక ఎవరూ ఆపలేరు. వీణలో లాగా తీగ లాగి గమకం పలికించడం కుదరదు, వయొలిన్ కమానులాగా సాగదియ్యడమూ కుదరదు. 1700 ప్రాంతంలో ఇటలీలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమేయో క్రిస్టోఫోరీ అనే ఆయన దీన్ని తయారు చేసినప్పుడు అందులో కొత్త విషయం ఏంటంటే వేలి బరువుని బట్టి మెత్తగానూ పలుకుతుంది, గట్టిగానూ పలుకుతుంది, అంతకు ముందున్న హార్ప్సికార్డ్ అనే కీబోర్డు వాయిద్యంలో అది లేదు. పియానో అన్న పేరులో ఉన్నది ఆ మెత్తదనమే. తగ్గిపోతున్న స్వరాన్ని పక్క స్వరం వచ్చి అందుకోవడం, అది తగ్గుతుంటే ఇంకోటి, వింటూ ఉంటే ఊపిరి కూడా దానంతటదే ఆ వరసలోకి వచ్చేస్తుంది, నాకైతే అలాగే జరిగింది.

మా అమ్మకి మాత్రం మొదట్లో అస్సలు నచ్చలేదు. చిన్నప్పుడు వీణ నేర్చుకున్న మనిషి, "ఏంటే ఆ టకటక, స్వరానికీ స్వరానికీ మధ్యన ఏమీ లేదు" అంది. కర్ణాటక సంగీతం చెవిలో ఉన్నవాళ్ళకి ఇది నిజంగానే ఇబ్బంది, మనకి సంగీతం అంటే ఆ మధ్యలో ఉన్నదే కదా. అలాంటివాళ్ళకి నేను చెప్పేది, స్వరానికీ స్వరానికీ మధ్య వెతక్కండి, ఒకేసారి కింద మోగుతున్న నాలుగైదు స్వరాలు కలిసి ఎలా రంగు మారుతున్నాయో దాని మీద చెవి పెట్టండి, ఎడమ చేతిని వినండి. అమ్మకి ఆ దారి దొరకడానికి ఆర్నెల్లు పట్టింది.

ఇంకో చిన్న గుర్తు కూడా పనికొస్తుంది. పాశ్చాత్య సంగీతం వాళ్ళు మేజర్ అనేది మన శంకరాభరణం స్వరాలే, మైనర్‌లో ఒక రకం మన కీరవాణి, ఇంకో రకం నఠభైరవి. రాగం అదే అని కాదు, స్వరాలు అవే అని. మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే దుఃఖం అని అందరూ చెప్పేస్తారు గానీ ఓదార్పు కోసం వినేటప్పుడు ఆ లెక్క తప్పుతుంది. నన్ను నిజంగా పట్టుకుని నిలబెట్టినవి దాదాపు అన్నీ శంకరాభరణం స్వరాల్లో ఉన్నవే, బ్రామ్స్‌ది, షూబర్ట్‌ది, బీథోవెన్‌ది కూడా. పూర్తిగా ఏడుపు స్వరంలో ఉన్నది తోడు కూర్చుంటుంది కానీ లేపదు.

ఎంచుకునేటప్పుడు నేను పాటించే పద్ధతి ఒక్కటే, మనసు ఎక్కడుందో అక్కడే మొదలుపెట్టడం. గుండె దడదడలాడుతున్నప్పుడు చాలా నెమ్మదైన పీస్ పెడితే ఒళ్ళు ఒప్పుకోదు, విసుగొచ్చి ఆపేస్తాం. కాస్త కదలిక ఉన్నదానితో మొదలుపెట్టి, తర్వాత దానికన్నా నెమ్మదైనది, ఆ తర్వాత ఇంకా నెమ్మదైనది, అలా మెట్లు దిగాలి. మ్యూజిక్ థెరపీ చేసేవాళ్ళు దీన్ని ఐసో ప్రిన్సిపుల్ అంటారు, 1940ల నుంచే ఉన్న మాట. ఏడుపొస్తున్న మనిషికి హుషారు పాట పెట్టొద్దు అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిందే.

నిద్ర పట్టని రాత్రికి

ఇక్కడ ఎక్కువమంది చెప్పే పేరు బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్. దాని వెనక ఒక కథ ఉంది, కైజర్లింగ్ అనే దొర నిద్ర పట్టక బాధపడుతుంటే గోల్డ్‌బర్గ్ అనే కుర్రాడు పక్క గదిలో కూర్చుని వాయించడానికి బాఖ్ దీన్ని రాశాడని. ఆ కథ 1802లో బాఖ్ జీవిత చరిత్ర రాసిన ఫోర్కెల్ చెప్పింది, కానీ 1741లో అచ్చయిన పుస్తకం మీద దొర పేరే లేదు, గోల్డ్‌బర్గ్‌కి అప్పటికి 14 ఏళ్ళే, అందుకని చాలామంది నమ్మరు. కథ సంగతి పక్కన పెడితే పీస్ సంగతి చెప్తాను, ముందు ఒక ఆరియా, అంటే పాటలాంటి చిన్న పీస్, తర్వాత దాని అడుగు స్వరాల మీదే రూపం మార్చి మార్చి కట్టిన 30 వేరియేషన్లు, చివర్లో మళ్ళీ అదే ఆరియా. ఆరియా జోలపాటలాగే ఉంటుంది, కానీ మొదటి వేరియేషన్ రాగానే గంతులేస్తూ వచ్చేస్తుంది, కళ్ళు మూసుకున్న మనిషి ఉలిక్కిపడతాడు. మధ్యలో మైనర్‌లో మూడు వేరియేషన్లు ఉంటాయి, అందులో ఇరవయ్యైదోది వింటే అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నవాళ్ళకి మామూలు బరువు కాదు. కాబట్టి గోల్డ్‌బర్గ్ నిద్రపుచ్చేది కాదు, ఈ రాత్రికి నిద్ర రాదు అని మీకు తెలిసిపోయినప్పుడు తెల్లారేదాకా పక్కన కూర్చునేది. అలా వాడితే దానికి మించింది లేదు. ఇరవయ్యైదోది దాటుకుని, ఆ తర్వాతవన్నీ దాటుకుని, చివర్లో మొదటి ఆరియా ఒక్క స్వరం కూడా మారకుండా తిరిగొచ్చినప్పుడు... స్వరాలు అవే, వింటున్న మనం మాత్రం గంట క్రితం ఉన్నట్టు ఉండం.

నిజంగా నిద్ర కావాలంటే షోపాన్ బెర్సూజ్ పెట్టండి, ఓపస్ 57 (ఓపస్ అంటే స్వరకర్త రచనలకి ఇచ్చే వరస నంబర్), 1844లో రాసింది. ఆ పేరుకే జోలపాట అని అర్థం. ఎడమ చేయి దాదాపు మొదట్నుంచి చివరిదాకా ఒకే చిన్న వరస వాయిస్తూ ఉంటుంది, ఉయ్యాల ఊపినట్టే, కుడి చేయి దాని మీద సన్నగా అల్లికలు అల్లుతూ పోయి మళ్ళీ సద్దుమణుగుతుంది. ఉలిక్కిపడే చోటు ఒక్కటీ లేదు. మన నీలాంబరి రాగం చేసే పనిని పియానోలో చేసేది ఏదైనా ఉందా అంటే నేను దీన్నే చూపిస్తాను. చిక్కేంటంటే అయిదు నిమిషాల లోపు అయిపోతుంది, రిపీట్‌లో పెట్టుకోవాలి.

ఎరిక్ సాటీ జిమ్నొపెదీలు ఈ రెండిటికీ మధ్యలో ఉంటాయి, 1888లోవి, మూడు. మొదటిది మీరు ఏదో ఒక యాడ్‌లోనో రీల్‌లోనో వినే ఉంటారు. చాలా ఖాళీగా ఉంటుంది, ఎడమ చేయి ఒక అడుగు స్వరం, ఒకేసారి మోగే స్వరాల గుత్తి ఒకటి, మళ్ళీ ఒక అడుగు స్వరం, ఒక గుత్తి. పనంతా అయిపోయి అలసిపోయి బుర్ర ఆగనప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళకి మాత్రం నేను చెప్పను, ఆ ఖాళీ వాళ్ళకి ఇంకా ఖాళీగా అనిపిస్తుంది, మా అమ్మ దాన్ని విని "ఇల్లు ఖాళీ చేసి సామాన్లు వెళ్ళిపోయినట్టుంది" అంది, ఇక ఆ మాట తర్వాత నేనూ అలాగే వింటున్నాను. నెమ్మదిగా, బాధగా వాయించమని సాటీ స్వయంగా దాని పైన రాసి పెట్టాడు కూడా.

ఎవరైనా పోయినప్పుడు

నేను బాగా తిరిగిన చోటు ఇదే. మూడు పీసుల మధ్య ఎంచుకోవాలి.

ఒకటి షోపాన్ సీ షార్ప్ మైనర్ (ఇది శ్రుతి పేరు) నాక్టర్న్, అంటే రాత్రి పీస్, 1830లో ఇరవై ఏళ్ళ వయసులో అక్క లుద్వికా కోసం రాసింది, ఆయన బతికుండగా అచ్చు కూడా కాలేదు. పూర్తిగా శోకం. 1939 సెప్టెంబర్ 23న వార్సా మీద జర్మన్లు బాంబులేస్తుంటే వ్లాడిస్లావ్ ష్పిల్మన్ అనే పియానిస్ట్ పోలిష్ రేడియోలో షోపాన్ వాయించాడు, ఆ రోజే రేడియో ఆగిపోయింది, కుటుంబం మొత్తాన్ని పోగొట్టుకుని ఆయన ఒక్కడూ బతికి బయటపడి 1945లో రేడియో మళ్ళీ మొదలైనప్పుడు ఇదే నాక్టర్న్‌తో మొదలుపెట్టాడు. ఇది తెలిశాక ఆ మొదటి స్వరాల గుత్తులు వినడం వేరేగా ఉంటుంది. ఏడుపు రాక గుండె రాయిలా బిగుసుకుపోయినవాళ్ళకి ఈ పీస్ ఇస్తాను, ఇది కరిగిస్తుంది. అప్పటికే ఆపకుండా ఏడుస్తున్నవాళ్ళకి వద్దు.

రెండోది బీథోవెన్ పథెటిక్ సొనాటా రెండో మూవ్‌మెంట్ (సొనాటా అంటే కొన్ని భాగాలున్న పెద్ద రచన, ఒక్కో భాగం ఒక మూవ్‌మెంట్), 1799లో అచ్చయింది. అప్పటికే ఆయన చెవులు మెల్లగా వినపడకుండా పోతున్నాయి, ఆ సంగతి ఇంకా బయటికి చెప్పుకోలేదు, 1801లో గానీ స్నేహితులకి ఉత్తరాల్లో రాయలేదు. ఈ మూవ్‌మెంట్‌లో ఒక పెద్దమనిషి నెమ్మదిగా మాట్లాడుతున్నట్టు ఒక మెలొడీ, మధ్యలో కాసేపు మబ్బు పట్టి మళ్ళీ అదే మెలొడీ. నాన్న వయసు వాళ్ళెవరో భుజం మీద చెయ్యేసినట్టు ఉంటుంది. చుట్టూ మనుషులున్నప్పుడు కూడా వినగలిగేది ఇది, ఇంట్లో నలుగురూ ఉన్నప్పుడు స్పీకర్‌లో పెట్టినా ఎవరూ ఇబ్బంది పడరు. ఒక్క జాగ్రత్త, ఇది సొనాటా మధ్యలోది, దీని వెనకాలే మూడో మూవ్‌మెంట్ పరుగెత్తుకుంటూ వస్తుంది, ఆల్బమ్‌లో ప్లే చేస్తే అయిదు నిమిషాలయ్యాక ఆపడానికి సిద్ధంగా ఉండండి.

మూడోది నాకు వచ్చింది, బ్రామ్స్ ఓపస్ 117లో మొదటి ఇంటర్‌మెజో, అంటే ఒక చిన్న పియానో పీస్. 59 ఏళ్ళ వయసులో రాశాడు, పెళ్ళి లేదు, పిల్లల్లేరు, దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్న కాలం. ఈ మూడు ఇంటర్‌మెజోలనీ తన బాధలకి పాడే జోలపాటలు అన్నాడు ఆయన. మొదటిదాని పైన ఒక పాత స్కాట్లండ్ జోలపాటలోంచి రెండు లైన్లు రాసి పెట్టాడు, హెర్డర్ అనే రచయిత జర్మన్‌లోకి మార్చినవి, బిడ్డా మెత్తగా నిద్రపో, నువ్వేడిస్తే నాకు కష్టంగా ఉంది అని తల్లి చెప్తున్న మాటలు. బిడ్డని ఊరుకోబెడుతున్న ఆ తల్లి తనే ఏడుస్తోంది, అది గమనించండి. సంగీతం కూడా అలాగే కట్టాడు, మెలొడీ పైన వినపడదు, పైనా కిందా ఒకే స్వరం మోగుతుంటే మధ్యలో దాచిపెట్టినట్టు ఉంటుంది, దుప్పటి కప్పిన బిడ్డలాగా. మధ్య భాగంలో మైనర్‌లోకి దిగి లోతుగా పోతుంది, అక్కడ నాకు ప్రతిసారీ భయమేసేది, ఇక పైకి రాదేమో అని, వస్తుంది, వచ్చినప్పుడు మొదటి మెలొడీ చుట్టూ ఇంకొన్ని స్వరాలు చేరి ఉంటాయి.

మూడిట్లో ఏది అంటే, మొదటి రోజుల్లో బీథోవెన్, ఏడుపు ఆగిపోయి బిగుసుకున్నప్పుడు షోపాన్, అందరూ వెళ్ళిపోయాక మిగిలే నెలల్లో బ్రామ్స్. ఆ నెలలే కదా ఎక్కువ.

ఆందోళనగా ఉన్నప్పుడు

రిజల్ట్ కోసమో, రిపోర్టు కోసమో, ఐసీయూ బయటో ఎదురుచూసే టైమ్‌లో చాలామంది బీథోవెన్ మూన్‌లైట్ సొనాటా పెడతారు. నేను వద్దంటాను. మొదటి మూవ్‌మెంట్ ప్రశాంతంగా ఉందనిపిస్తుంది కానీ ఆ కింద మోగే స్వరాలు చావు ఊరేగింపులా ఉంటాయి, వెన్నెల అన్న పేరు బీథోవెన్ పెట్టింది కాదు, ఆయన పోయాక రెల్‌స్టాబ్ అనే విమర్శకుడి మాట వల్ల అంటుకున్నది. మూడో మూవ్‌మెంట్ అయితే తుఫాను, అది ఆందోళన తగ్గించదు. ఆ తుఫాను కోపం వచ్చినప్పుడు మాత్రం చాలా మంచిది, అరవాలనిపించి అరవలేని రోజున పెట్టి చూడండి.

ఆందోళనకి బాఖ్ కావాలి. వెల్ టెంపర్డ్ క్లావియర్ మొదటి పుస్తకం, 1722 నాటిది, అందులో అన్నిటికన్నా మొదటి ప్రెల్యూడ్ (ముందుమాట లాంటి చిన్న పీస్), సీ మేజర్. రెండు నిమిషాలు. అందులో మెలొడీ అని చెప్పుకునేది లేదు, ఒకే అల్లిక, కింద నుంచి పైకి, కింద నుంచి పైకి, 35 బార్లలో (బార్ అంటే మన ఆవర్తం లాంటిది) దాదాపు చివరి వరకూ అదే, లోపల స్వరాలు మాత్రం ఒక్కొక్కటీ జరుగుతూ ఉంటాయి. ముగ్గు పెట్టేటప్పుడు చుక్క తర్వాత చుక్క కలుపుతూ పోతే బుర్ర ఎలా నిలబడుతుందో అలా. తర్వాత ఏం వస్తుందో బుర్రకి తెలుస్తుంది, అయినా కొంచెం మారుతుంది, ఆందోళనలో ఉన్న మనిషికి కావల్సింది అదే, అంతా తెలిసిపోతే మళ్ళీ ఆలోచనల్లోకి వెళ్ళిపోతాం, ఏమీ తెలియకపోతే భయపడతాం. అమ్మకి స్కాన్ రిపోర్టు రావాల్సిన రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని దీన్ని ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు.

దీంతో పోలిస్తే డెబుస్సీ క్లేర్ ద లూన్ అందంగా ఉంటుంది, అందులో సందేహం లేదు, 1905లో అచ్చయిన సూట్ బెర్గమాస్క్ అనే పీసుల వరసలో మూడోది. కానీ దాని కాలం జారిపోతూ ఉంటుంది, తాళం ఎక్కడుందో కాలికి దొరకదు. మనసు కుదురుగా ఉన్న సాయంత్రం డాబా మీద అది స్వర్గం, చేతులు వణుకుతున్నప్పుడు పట్టుకోవడానికి మాత్రం అందులో కమ్మీ దొరకదు.

ఒంటరితనం, ఊరి మీద బెంగ

షూబర్ట్ దగ్గరికి రండి. ఓపస్ 90లో మూడో ఇంప్రాంప్టు (అప్పటికప్పుడు తోచినట్టుండే చిన్న పీస్), జీ ఫ్లాట్ మేజర్, 1827లో రాశాడు, మరుసటి ఏడాదే 31 ఏళ్ళకి పోయాడు. అచ్చయ్యేసరికి 1857, ఆ పబ్లిషర్ కూడా వాయించేవాళ్ళకి కష్టమని శ్రుతి మార్చి జీ మేజర్‌లో వేశాడు. కుడి చేతి చివరి వేళ్ళు ఒక పొడుగాటి పాట పాడుతుంటే అదే చేతి మిగతా వేళ్ళు లోపల నీళ్ళలా పారుతూ ఉంటాయి. అమ్మకి దారి దొరికింది ఇక్కడే. వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి "ఇది పాడుతోందే" అంది. అవును, షూబర్ట్ పాటలు రాసినవాడు, ఆరువందలకి పైనే, ఆయన పియానో కూడా పాడుతుంది, అందుకే మన చెవికి అందరికన్నా ముందు దగ్గరయ్యేది షూబర్టే. ఇంట్లో పెద్దవాళ్ళకి పియానో అలవాటు చెయ్యాలనుకుంటే దీంతోనే మొదలుపెట్టండి, బాఖ్‌తో వద్దు.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి పండగ రోజు వీడియో కాల్ కట్ చేశాక వచ్చే ఆ నిశ్శబ్దానికి షూమన్ ట్రాయ్‌మరై ఉంది. 1838లో రాసిన కిండర్‌సేనెన్ అనే 13 పీసుల్లో ఏడోది. పిల్లలు వాయించడానికి రాసింది కాదు, పెద్దయినవాడు చిన్నతనాన్ని తలుచుకోవడం అది. వ్లాదిమిర్ హొరొవిట్జ్ అనే పియానిస్ట్ 1925లో సోవియట్ దేశం వదిలి వెళ్ళి, 61 ఏళ్ళ తర్వాత 1986లో 82 ఏళ్ళ వయసులో మాస్కో తిరిగొచ్చి కచేరీ చేసినప్పుడు చివర్లో దీన్ని వాయించాడు, ఆ వీడియో ఉంది, హాల్లో ఒకాయన కదలకుండా కూర్చుని ఉంటే చెంప మీద కన్నీళ్ళు జారుతుంటాయి. షూబర్ట్‌ది ఎవరూ లేరనిపించినప్పుడు, షూమన్‌ది అందరూ ఉండి దూరంగా ఉన్నప్పుడు.

పూర్తిగా విరిగిపోయిన రోజులకి

రష్యన్ స్వరకర్త రాక్మానినోవ్ రెండో పియానో కన్సర్టో. ఇది సోలో కాదు, ఆర్కెస్ట్రాతో, అరగంటకి పైనే. 1897లో ఆయన మొదటి సింఫనీ (ఆర్కెస్ట్రా మొత్తానికి రాసే పెద్ద రచన) ఘోరంగా దెబ్బతింది, పత్రికల్లో చీల్చి చెండాడారు, తర్వాత దాదాపు మూడేళ్ళు పెద్దగా ఏమీ రాయలేకపోయాడు. 1900లో నికొలాయ్ డాల్ అనే డాక్టర్ దగ్గరికి రోజూ వెళ్ళి వైద్యం చేయించుకున్నాడు, హిప్నాసిస్ కూడా అందులో ఉంది, ఆ తర్వాత రాసిందే ఈ కన్సర్టో, 1901లో పూర్తిగా వాయించారు, అంకితం డాక్టర్ డాల్‌కే. మొదట్లో పియానో ఒంటరిగా గుడి గంటలు కొట్టినట్టు, మెత్తగా మొదలై ఒక్కో గంటకీ బరువు పెరుగుతూ వస్తుంది, అది కూలిపోయిన మనిషి లేచి నిలబడటమే అని నాకనిపిస్తుంది. అయితే మరీ నీరసంగా ఉన్న రోజున ఇది భరించలేరు, రెండో మూవ్‌మెంట్ ఒక్కటీ వినండి చాలు.

ఆయన సంగీతంతో బాగవ్వలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళి బాగయ్యాడు, తర్వాత సంగీతం వచ్చింది, ఆ వరస గుర్తుపెట్టుకోండి. వారాల తరబడి నిద్రా తిండీ పోతే, బతకాలని లేదనిపిస్తే పియానో మీద భారం వెయ్యకండి, 14416కి ఫోన్ చెయ్యండి, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

పిల్లలకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ మొజార్ట్ పెడితే తెలివి పెరుగుతుందా అని అడుగుతారు. 1993లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన 36 మంది కాలేజీ విద్యార్థుల మీద, పసిపిల్లల మీద కాదు, తేడా కనిపించింది కూడా పది పదిహేను నిమిషాలే. తెలివి కోసం వద్దు. మొజార్ట్ సొనాటా కే 545 (కే అంటే ఆయన రచనల జాబితాలో నంబర్) చాలా తేటగా ఉంటుంది, అందుకోసం పెట్టండి.

ఎలా వినాలి, ఎవరిది వినాలి

హెడ్‌ఫోన్స్ కన్నా చిన్న స్పీకర్ మేలు, నిద్రకైతే మరీను. హెడ్‌ఫోన్స్‌లో సంగీతం బుర్ర లోపల ఉంటుంది, స్పీకర్‌లో అయితే గదిలో ఇంకెవరో ఉన్నట్టుంటుంది, ఓదార్పుకి ఆ తేడా చాలా పెద్దది. గదిలో ఫ్యాన్ చప్పుడు కూడా వినపడేంత వాల్యూమ్ చాలు. యాడ్స్ లేని చోట వినండి, బ్రామ్స్ ఆఖరి స్వరం ఇంకా తగ్గుతుండగానే లోన్ యాప్ వాళ్ళు అరిస్తే ఆ రాత్రి మొత్తం పోతుంది, లేదంటే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వాన చప్పుడు కలిపినవీ, పది గంటల లూపులూ నేను వాడను, అవి గదిని నింపుతాయి, మనిషి వాయిస్తున్నట్టు ఉండదు.

ఒకే పీస్ ఇద్దరు వాయిస్తే రెండు వేరే మందులు. గోల్డ్‌బర్గ్‌నే చూడండి, గ్లెన్ గూల్డ్ అనే పియానిస్ట్ 1955లో 22 ఏళ్ళప్పుడు రికార్డ్ చేసింది 38 నిమిషాలు, ఉరకలు వేస్తుంది, 1981లో మళ్ళీ చేసింది 51 నిమిషాలు, మొదటి ఆరియా ఒక్కటే రెండు నిమిషాల లోపు నుంచి మూడు నిమిషాలకి సాగింది. అది మార్కెట్‌లోకి వచ్చిన కొద్ది రోజులకే 1982 అక్టోబర్‌లో ఆయన చనిపోయాడు, వయసు 50. రాత్రికి 1981ది, పొద్దున వంట చేస్తూ 1955ది. ఆయన వాయిస్తూ తనలో తను కూనిరాగం తీస్తుంటాడు, అది రికార్డింగ్‌లో వినపడుతుంది, కొందరికి చిరాకు, నాకు మాత్రం పక్కన మనిషి ఉన్నాడన్న ధైర్యం. షోపాన్ నాక్టర్న్‌లకి క్లాడియో అర్రావ్ నెమ్మదిగా బరువుగా ఉంటాడు, రూబిన్‌స్టైన్ తేలిగ్గా మాట్లాడుతున్నట్టు వాయిస్తాడు, మరియా జువావ్ పిరెష్ ఈ ఇద్దరి మధ్యలో, ఒక్కరినే ఎంచుకోమంటే నేను పిరెష్ అంటాను, అమ్మ రూబిన్‌స్టైన్ అంటుంది.

బ్రామ్స్ 117కి మాత్రం నన్ను పోల్చమని అడక్కండి. ఆ రాత్రి వచ్చిన లింక్ రాడూ లుపూ అనే పియానిస్ట్‌ది, ఆయన 2022లో పోయాడు. మిగతావాళ్ళవి ఒకట్రెండు పెట్టి చూశాను, సగంలో ఆపేసి మళ్ళీ ఆయనదే పెట్టుకున్నాను.